శాలువా కప్పి తీసుకుపోయిన గొంతు

బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌లో హర్రాజు పాడే మనిషి నోరు ఆపకూడదు. ఆపాడంటే సరుకు అమ్ముడుపోయినట్టే లెక్క. పాట ఏ ధర దగ్గర ఆగితే ఆ ధరకు బాక్సులు ఎత్తుకుపోతారు. తర్వాత ఎంత మొత్తుకున్నా వినేవాళ్లుండరు.

మెట్టుగూడలో మా గల్లీలోనే ఉండే బాబూరావు కాక ఆ మార్కెట్‌లో ఏళ్ల తరబడి టమాటా పాడాడు. తిరగేసిన ట్రేల మీద నిలబడి ధర ఎత్తుకున్నాడంటే మధ్యలో ఊపిరి ఎప్పుడు పీల్చుకుంటాడో ఎవరికీ అంతుపట్టేది కాదు. పోయినేడాది ఆయన గొంతులో గడ్డ వచ్చింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి దక్కాడు, మాట పోయింది.

కొన్ని నెలలకు ఆయన భార్య కమలాబాయి చిన్నమ్మ ఎవరెవర్నో అడిగి కంఠశ్రీ అనే యంత్రం తెప్పించింది. అరచేతిలో ఇమిడే ఆరు మీటల పలక, మెడలో వేలాడే స్పీకరు. మీటలను రకరకాలుగా కలిపి నొక్కితే అది తెలుగులో మాట్లాడుతుంది. తరచూ వాడే మాటలను ముందే దాచిపెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, దాన్ని చూడకుండా నొక్కవచ్చు. హర్రాజులో కళ్లు కొనేవాళ్ల మీద ఉండాలి గానీ ఫోన్ తెర మీద ఉంటే కుదరదు. కాక ఇంట్లో కూర్చుని సాధన చేసి చేసి వేళ్లకు అలవాటు చేసుకుని మళ్లీ మార్కెట్‌కు పోయాడు.

మొదటిరోజే రసాభాస అయింది. యంత్రం ఒక ధర చెప్పి, ఊపిరి తీసుకున్నట్టు కాస్త ఆగి, రెండో ధర చెబుతుంది. ఆ కాస్త ఆగడంలోనే మేడ్చల్ రైతు ఒకాయన సరుకు సగం ధరకే పోయింది. వెనకాల ఇంకో వ్యాపారి చెయ్యెత్తి నిలబడి ఉన్నాడు, కానీ పాట ఆగింది కదా. రైతు లబోదిబోమన్నాడు. కాక ట్రేల మీంచి దిగి ఇంటికొచ్చేశాడు.

ఆయన పాడేది కమీషన్ ఏజెంటు విజయేందర్ దుకాణంలో. మంచివాడే. మర్నాడు ఇంటికొచ్చి ఉన్నమాట చెప్పిపోయాడు.

"ఎండాకాలం సరుకు షురూ అయ్యేదాంక నీ జాగా నీదే అన్నా. అటెన్క సుత ఇట్లనే ఉంటే వేరేటోన్ని పెట్టుకోవాలె. నా దుకాణం నడవాలె గదా."

కాక తలూపాడు. ఆ సాయంత్రమే చిన్నమ్మ నన్ను పిలిపించింది. నేను కంప్యూటర్ ప్రోగ్రాములు రాసి బతుకుతాను కాబట్టి గల్లీలో మిక్సీ చెడిపోయినా నన్నే పిలుస్తారు.

"జెర జూడు రజితా, గది ఆగకుండ చెయ్యొస్తదా?" అంది చిన్నమ్మ.

కాక నాకు చూపించడానికి మీటలు నొక్కాడు. రెండు వందలకు "దో సౌ" అంది యంత్రం. ఆగింది. తర్వాత రెండు వందల యాభై అనాలి. "ఢాయి సౌ" అంది.

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "మళ్లీ నొక్కు కాకా" అన్నాను. ఆయన నొక్కాడు. నూట యాభైకి "డేడ్ సౌ" అంది. రెండు వందల డెబ్బై అయిదుకు "పౌనే తీన్ సౌ" అంది. చిన్నమ్మకు అందులో వింతేమీ కనబడలేదు, మెట్టుగూడలో అందరూ అనేదే. కానీ తెలుగు మాట్లాడే యంత్రాలు అలా అనవు. అలా అనేది ఈ లోకంలో ఒకటే ఉంది. దానికి అలా అనడం నేర్పింది నేను.

చాలా ఏళ్ల కిందట రామ్మోహనరావు గారని, గుడివాడ నుంచి వచ్చి కార్ఖానాలో స్థిరపడిన తెలుగు లెక్చరరు, మాలాంటి కొందరిని పోగేసి కంప్యూటర్ చేత తెలుగు చదివించే ప్రోగ్రాం మొదలుపెట్టారు. దానికి నోరు అని పేరు పెట్టాం. అందులో అంకెలు పలికే భాగం మొత్తం నాది. మార్కెట్లో వినబడే పలుకుబడి కూడా ఉండాలని, కావలసినవాళ్లు మీట తిప్పి పెట్టుకునేలా ఈ డేడ్ సౌలు, ఢాయి సౌలు రాశాను. "ఇది తెలుగా, ఉర్దూనా అమ్మా?" అన్నారు సార్. "మా మెట్టుగూడ సార్" అన్నాను. ఆయన నవ్వి ఉండనిచ్చారు.

నోరును మేం లోకానికి వదిలేశాం. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, యంత్రంలో పెట్టి అమ్ముకోవచ్చు, మాకు పైసా ఇవ్వక్కర్లేదు. షరతు ఒక్కటే. మార్చి అమ్మితే, కొన్నవాళ్లు అడిగినప్పుడు మార్చిన ప్రోగ్రాం రాత, అంటే సోర్స్ కోడ్, మొత్తం వాళ్ల చేతిలో పెట్టాలి. దాన్ని వాళ్లు తమకు కావలసినట్టు దిద్దుకోగలగాలి. మేం ఉచితంగా ఇచ్చింది ఇంకొకడు పెట్టెలో పెట్టి తాళం వేసుకోకూడదని ఆ షరతు. యంత్రంతో వచ్చిన కాగితాలు తిరగేస్తే నోరు పేరు గానీ, ఆ షరతు గానీ ఎక్కడా లేదు. కంఠశ్రీ వాళ్లు సరిగ్గా అదే పని చేశారు. సోర్స్ కోడ్ చేతికొస్తే ఆ ఆగడాన్ని తీసేయడం నాకు ఒక సాయంత్రం పని. రాకపోతే కాక జాగా పోతుంది. నాకు ఒళ్లు మండిపోయింది.

నాకు కోపం ఎక్కువని ఇంట్లో వాళ్లూ ఆఫీసు వాళ్లూ ఎప్పుడూ అంటూనే ఉంటారు. అయినా ముందు మర్యాదగానే మెయిల్ రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. "మీరు మా కస్టమర్ కాదు కాబట్టి వివరాలు ఇవ్వలేం" అని వచ్చింది. సరేనని చిన్నమ్మ చేత ఫోన్ చేయిస్తే, సోర్స్ కోడ్ అడిగే హక్కు కస్టమర్లకు లేదన్నారు. రాసిన నేను అడిగితే కొనలేదంటారు, కొన్నవాళ్లు అడిగితే రాయలేదంటారు. అయితే రాసిన నేనూ కొన్నవాళ్లూ కలిసే వెళదాం పదండని ముగ్గురం ఆటో ఎక్కాం.

కంపెనీ ఆఫీసు కార్ఖానాలోనే, మెయిన్ రోడ్డు మీద. దాని యజమాని యుగంధర్ నలభై దాటని మనిషి, మాట తీపి.

"కూర్చోండి మేడం, చాయ్ చెప్పనా? బాబూరావు గారూ, మీలాంటోళ్లను చూస్తే మా టీంకు ఎంత మోటివేషనో తెలుసా? ఒక ఫొటో తీసుకుందాం సార్, మన వాల్ మీద పెడతం."

"ఫొటో తర్వాత. మీ యంత్రంలో ఉన్నది మా ప్రోగ్రాం. దాని సోర్స్ కోడ్ ఈయనకివ్వాలి" అన్నాను.

యుగంధర్ కాదనలేదు. కాదంటాడని గంపెడు సాక్ష్యాలతో వెళ్లిన నేను కాస్త తెల్లబోయాను కూడా. అతను లేచి గోడ మీది ఫొటో చూపించాడు. రామ్మోహనరావు గారు. మెడలో దండ, భుజాల మీద జరీ శాలువా, చేతిలో జ్ఞాపిక, పక్కన చేతులు జోడించి యుగంధర్. తర్వాత సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. నోరును ఏ షరతూ లేకుండా వాడుకోవడానికి నాకు అభ్యంతరం లేదు అని, కింద సార్ సంతకం.

"ఫౌండరే పర్మిషన్ ఇచ్చిండు మేడం. పెద్దాయన. మీరందరు ఆయన శిష్యులే గదా. ఇంట్ల పెద్దాయన సరే అన్నంక పిల్లలను ఒక్కొక్కళ్లను అడుగుతమా?"

నిజంగా అలాగే అనుకున్నాడు అతను. మోసం చేస్తున్నానన్న బెరుకు ఆ మొహంలో ఏ కోశానా లేదు. సంబంధం కుదుర్చుకున్నట్టు, పెద్దమనిషిని గౌరవించాను, ఆయన సరే అన్నాడు, వ్యవహారం ముగిసింది. నాకు అదే ఎక్కువ మండింది. బల్ల మీద చెయ్యి వేసి ఏదో అనబోతే చిన్నమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

"నడువు బిడ్డా. ముందుగాల ఆ పెద్దాయన్ను అడుగుదాం" అంది.

వాళ్లను ఇంటికి పంపి నేను అటునుంచి అటే సార్ ఇంటికి పోయాను. రెండు సందుల అవతలే.

"రామ్మా రజితా! ఎన్నాళ్లకి దారి తెలిసింది!" అన్నారు సార్. నేను కూర్చోకుండానే సంగతంతా చెప్పాను.

"వాళ్లొచ్చారమ్మా. మూగవాళ్లకి మాట తెప్పిస్తామన్నారు. హాలు నిండా జనాన్ని కూర్చోబెట్టి నాలుగు మంచి ముక్కలు మాట్లాడారు. సంతకం అడిగితే పెట్టాను. అందులో తప్పేముంది?"

"షరతు లేకుండా అన్నారు సార్ మీరు."

"ఏమో, అంత పట్టించుకోలేదు. ఇప్పుడు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటావా? నా వయసుకి అది బాగుంటుందా?"

ఆయన ముందు గొంతు పెంచి నేనెన్నడూ మాట్లాడలేదు. ఆ రోజు పెంచాను. "మీ ఇల్లు మీరు రాసిచ్చుకోండి సార్, ఎవరొద్దన్నారు? పక్కవాళ్ల ఇళ్లకు కూడా మీరే సంతకం పెడతారా? అంకెలు నావి. ఒత్తులూ సంధులూ ఇంకొకరివి. మమ్మల్ని ఒక్కమాట అడిగారా? ఇక్కడొక మనిషి బతుకుతెరువు పోతోంది!"

సార్ మొహం చిన్నబోయింది. నాకు బాధేసింది, కానీ అన్నమాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"శాలువా నా ఒక్కడికే ఎందుకు కప్పుతున్నారని అక్కడే అడగాల్సింది" అన్నారు చివరికి. "అడగలేదు. బాగుందనిపించింది, ఊరుకున్నాను. చూడమ్మా, నాది నేనిచ్చేశాను, దాని సంగతి వదిలెయ్. నీదివ్వడానికి నేనెవర్ని? ఆ ముక్క నేనే వాళ్ల మొహం మీద చెబుతాను. ఎప్పుడెళదాం?"

నేను కూర్చున్నాను. కాఫీ కూడా తాగాను.

వెళ్లేముందు లాయరు చేత నోటీసు ఇప్పించాం. అందులో సంగతి సూటిగా ఉంది. షరతు తప్పిననాడే నోరును వాడుకునే అనుమతి పోయింది. సోర్స్ కోడ్ ఇచ్చేదాకా కంఠశ్రీ యంత్రాన్ని అమ్మడానికి వీల్లేదు. అమ్మితే కోర్టుకు వెళతాం. అంతే. నష్టపరిహారం అడగమని లాయరు చాలా చెప్పాడు. వద్దన్నాను. నాకు కావలసింది వాళ్ల డబ్బు కాదు, వాళ్లు దాచిన రాత.

యుగంధర్ ఆస్పత్రులకు పెద్ద ఎత్తున యంత్రాలు పంపబోతున్నాడట. నోటీసు అందగానే ఫోన్ చేశాడు. ఈసారి సార్‌తో కలిసి నలుగురం వెళ్లాం. చాయ్ అడక్కుండానే వచ్చింది.

ముందు సార్ మాట్లాడారు. "బాబూ, మీరు నాకు చేసిన మర్యాద మర్చిపోను. కానీ నా సంతకం నా రాతకే చెల్లుతుంది. తక్కినవాళ్ల రాతకి నేను పెద్దదిక్కుని కాను. మీరు అడగాల్సింది వాళ్లని."

యుగంధర్ ఆయన కళ్లలోకి చూడలేకపోయాడు. కాసేపు పెన్ను తిప్పుకుని, కాక వైపు తిరిగాడు.

"సార్, మీ ప్రాబ్లం ఏంది? గ్యాప్. అంతే గదా? మా ఇంజనీర్ ఇప్పుడే తీసేస్తడు. రేపు పొద్దుగాల మీరు మార్కెట్ల ఉంటరు. మీకు ఒక్కరికే స్పెషల్ వెర్షన్, ఫ్రీగ. మేడం నోటీసు వాపస్ తీసుకుంటే చాలు."

నా నోటిదాకా వచ్చింది, వద్దని. మింగేశాను. ఎండాకాలం సరుకు రావడానికి ఎన్నాళ్లో లేదు. జాగా కాకది, బతుకు కాకది. నా ప్రోగ్రాం మీద నాకెంత పంతమున్నా ఆయన రేపు మార్కెట్లో నిలబడే అవకాశాన్ని కాదనడానికి నేనెవర్ని? రెండు సందుల అవతల సార్‌ను నేనడిగిన ప్రశ్నే ఇది. చిన్నమ్మ వైపు చూశాను. ఆమె కాక చేతుల వైపు చూస్తోంది.

కాక మీటలు నొక్కడం మొదలుపెట్టాడు. యంత్రం ఆగి ఆగి మాట్లాడింది.

"రేపు తీసేస్తవ్. ... ఎల్లుండి ఇంకోటి చెడిపోతది. ... అప్పుడు మల్ల నీ తానికి రావాల్నా?"

"తప్పకుండ రండి సార్. లైఫ్‌టైం సపోర్ట్."

"నువ్వు దుకాణం బంద్ పెడితే?"

యుగంధర్ నవ్వబోయి మానేశాడు.

"నా గొంతు ఉన్నన్నాళ్లు ... ఎవ్వల్ని అడిగి మాట్లాడలే. ... గట్టిగ మాట్లాడాల్నంటె గట్టిగ. ... తిట్టాల్నంటె తిట్టిన. ... ఇప్పుడు దీన్ని సుత ... నాకు నచ్చినోళ్లతోని బాగు చేపిచ్చుకుంట. ... కానూన్ల ఏమున్నదో అది ఇయ్యి. ... ధర్మం జేసినట్టు ఖైరాత్ వద్దు."

చిన్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఇక నాకు తటపటాయింపు లేదు.

"విన్నారుగా. మొత్తం రాత, ఈయనకూ ఇవ్వాలి, అడిగిన ప్రతి కస్టమర్‌కూ ఇవ్వాలి" అన్నాను.

"జెర టైం ఇయ్యుండ్రి" అన్నాడు యుగంధర్.

వారం తిరిగేసరికి సోర్స్ కోడ్ వచ్చింది. విప్పి చూస్తే మేం ఎప్పుడో లోకానికి వదిలిన నోరే, మాకు తెలియనిది ఒక్క ముక్క లేదు. వాళ్లు చేర్చిన మీటల భాగం లేదు. తిరగ్గొట్టాను. మళ్లీ పంపారు. ఈసారి మీటల భాగం ఉంది గానీ, దిద్దిన ప్రోగ్రాంను యంత్రం లోపలికి ఎక్కించనిచ్చే రహస్య సంకేతం, అంటే తాళంచెవి, పెట్టలేదు. ఇల్లు రాసిచ్చి తాళంచెవి జేబులో వేసుకున్నట్టుంది అది. మళ్లీ తిరగ్గొట్టాను.

యుగంధర్ ఫోన్ చేశాడు. "మేడం, మీరు మరీ పట్టు పడుతున్నరు."

"అవును, పడుతున్న" అన్నాను. "తాళంచెవి పంపండి. లేకుంటే కోర్టుల కలుద్దాం."

ఈలోగా విజయేందర్ దుకాణంలో కొత్త కుర్రాడెవరో పాడి చూశాడని చిన్నమ్మ చెప్పింది. కాక మాత్రం రోజూ తెల్లారే లేచి స్నానం చేసి, పలక చేత్తో పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉత్త గాలికి హర్రాజు పాడేవాడు. ఆగుతూ ఆగుతూ. ఆఫీసుకు పోతూ అది వింటే నాకు ఇంకా మొండితనం వచ్చేది.

తాళంచెవి వచ్చింది. అందరికీ అందేలా కంపెనీ వెబ్‌సైట్‌లో కూడా పెట్టారు. ఆ మీటల భాగం రాసిందెవరో గానీ ఎంత చక్కగా రాశారో! చదువుతుంటే ముచ్చటేసింది. ఆ మాట యుగంధర్‌కు ఫోన్ చేసి చెప్పాను కూడా, మంచి పనిని దాచుకోవలసిన ఖర్మేమిటి మీకని. ఆగడాన్ని కూడా ఎవరో కావాలనే పెట్టారు, పెద్దవాళ్లకు మర్యాదగా వినబడాలని. ఒక చిన్న మార్పుతో అది పోయింది. ఇంకొన్ని మార్పులు కాక అడిగి చేయించుకున్నాడు, అవేమిటో ఇక్కడ రాయలేను. హర్రాజులో వాడే మాటలు అన్నీ అచ్చులో వేసేవి కావు.

మర్నాడు పొద్దున్నే ఆయనతో పాటు బోయిన్‌పల్లి వెళ్లాను. లారీల మధ్య, బురదలో, హమాలీల కేకల్లో పడుతూ లేస్తూ విజయేందర్ దుకాణం చేరాం. కొత్త కుర్రాడు పక్కకు తప్పుకున్నాడు. మొదటి లాట్ బాక్సులు దించారు. కొనేవాళ్లు చుట్టూ మూగారు గానీ అందరి మొహాల్లో అనుమానమే. మళ్లీ ఆ యంత్రమా అని ఒకాయన పైకే అన్నాడు.

కాక ట్రేల మీదికి ఎక్కాడు. నేను ఎదురుగా, దించిన బాక్సుల ముందే నిలబడ్డాను. పని చేయకపోతే? ఎక్కడో ఒకచోట ఆగిపోతే?

"డేడ్ సౌ!" అంది స్పీకరు. ఆ వెంటనే పౌనే దో సౌ, దో సౌ, సవా దో సౌ. పాతికేసి రూపాయలు పెరుగుతూ ఒకదాని మీద ఒకటి ఎక్కి వస్తున్నాయి. వెనకాల ఎవరో చెయ్యెత్తారు, ఢాయి సౌ. ఇంకెవరో కనుబొమ్మ ఎగరేశారు, పౌనే తీన్ సౌ. కాక వేళ్లు పలక మీద ఆడుతున్నాయి, కళ్లు జనం మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెడుతున్నాయి. మూగినవాళ్లు దగ్గరికి జరిగారు. విజయేందర్ గల్లా దగ్గర్నుంచి లేచి వచ్చి నిలబడ్డాడు.

నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి. కాక నా వైపు ఒక్కసారి చూస్తాడని, తలూపుతాడని ఎదురుచూశాను. చూశాడు. కనుబొమ్మలు ముడిచాడు. వేళ్లు చకచకా కదిలాయి.

"పక్కకు జరుగు బిడ్డా, సరుకుకు అడ్డం నిలబడ్డవ్! తీన్ సౌ!" అంది స్పీకరు మార్కెట్ అంతా వినబడేలా, ఎక్కడా ఆగకుండా.

అందరూ నవ్వారు. నేను పక్కకు జరిగాను.